లిల్లీ దుంప కొంటున్నారా? పేరు కాదు, పువ్వు చూడండి!

మీకు పది గుంటల భూమి, ఒక బోరు ఉన్నాయనుకుందాం. వరి వేస్తే నీళ్లు చాలవు. కూరగాయలు వేస్తే ధర నిలవదు. పక్క ఊళ్లో ఎవరో లిల్లీ వేశారనీ, పొద్దున్నే పూల సంచీతో బస్సెక్కి పోయి మధ్యాహ్నానికల్లా చేతిలో డబ్బుతో తిరిగొస్తున్నారనీ విన్నారు. మీకూ మనసైంది. అప్పోసప్పో చేసి పదకొండు వేల దుంపలు తెచ్చి జూన్‌లో నాటారు. కలుపు తీశారు, ఎరువు వేశారు, తడులు పెట్టారు.

దసరా ముందు కాడలు లేచాయి. మొగ్గలు బొద్దుగా, కొసన గులాబీ రంగుతో ముచ్చటగా ఉన్నాయి. మొదటి కోత సంచీకెత్తి మార్కెట్టుకు పోయారు. వ్యాపారి ఒక మొగ్గ తీసి, రేకులు విప్పి చూశాడు. "ఇది డబులు గదన్నా! దండకు పనికిరాదు. సింగిలు ఎందుకు వెయ్యలేదు?" అన్నాడు. సగం ధర చెప్పాడు.

మీరు అడిగింది లిల్లీ. అమ్మినవాడు ఇచ్చింది కూడా లిల్లీయే. అబద్ధం ఎవరూ ఆడలేదు. కానీ నష్టపోయింది మాత్రం మీరు. దుంపల ఖర్చు పోయింది, నాలుగు నెలల కాలం పోయింది, పండుగ సీజను చేజారింది.

పూల సాగులో పేరుతో వచ్చే నష్టం ఇలాగే ఉంటుంది. ఒకే పేరు మీద నాలుగు మొక్కలు తిరుగుతాయి. ఒకే మొక్కకు నాలుగు పేర్లుంటాయి. అందుకే ఈ వారం లిల్లీల సంగతి చూద్దాం. ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి, మీ మార్కెట్టుకు ఏది నప్పుతుంది, దుంప కొనేటప్పుడు ఏం అడగాలి అనేవి ఒక్కొక్కటే తెలుసుకుందాం.

మన లిల్లీ అసలు లిల్లీయే కాదు!

మన పూల మార్కెట్లలో లిల్లీ అని కిలోల లెక్కన అమ్మే తెల్లపువ్వు అసలు పేరు నేలసంపెంగ. చెట్టుకు పూసే సంపెంగ వేరు, ఇది వేరు. సంపెంగలాంటి ఘాటైన వాసనతో నేలమీద పెరిగే మొక్క కాబట్టి ఆ పేరు వచ్చింది. తమిళనాట నిలసంపంగి అంటారు. కన్నడంలో సుగంధరాజ. హిందీ, బెంగాలీ వాళ్లకు రజనీగంధ. మహారాష్ట్రలో నిశిగంధ, గుల్‌ఛడి. హైదరాబాదు పాతబస్తీలో పెద్దవాళ్లు గుల్‌షబ్బో అనేవారు. రాత్రిపూట వాసన పెరుగుతుంది కాబట్టే చాలా భాషల్లో ఈ పువ్వు పేరులో రాత్రి కనిపిస్తుంది.

ఇంగ్లీషులో దీన్ని ట్యూబ్‌రోజ్ అంటారు. అది విని గులాబీ జాతి అనుకోకండి. దుంప ఉన్న మొక్క అనే అర్థం వచ్చే ట్యూబరోసా అనే శాస్త్రీయ నామం నుంచి వచ్చిన మాట అది. గులాబీతో దీనికి ఏ సంబంధమూ లేదు.

లిల్లీతోనూ లేదు. దీని పుట్టిల్లు మెక్సికో దేశం. గట్ల మీద ముళ్లమట్టలతో పెరిగే కిత్తనారకు ఇది దగ్గరి చుట్టం. చాలాకాలం పోలియాంథిస్ అనే వేరే ప్రజాతిగా లెక్కపెట్టి, తర్వాత శాస్త్రవేత్తలు దీన్ని కిత్తనార ప్రజాతిలోనే కలిపేశారు. చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, పొడుగాటి కాడ లేచి దాని మీద పూలు రావడం గమనిస్తే ఆ పోలిక తెలుస్తుంది.

ఈ సంగతులన్నీ రైతుకెందుకు అనుకోవద్దు. వేరే రాష్ట్రం నుంచి దుంపలు తెప్పిస్తే అక్కడి పేరుతో అడగాలి. బెంగళూరులో సుగంధరాజ అనాలి, కోల్‌కతాలో రజనీగంధ అనాలి. ముంబై పూలబజారులో లిల్లీ అని అడిగితే వేరే పువ్వు చేతిలో పెడతారు. దాని సంగతి కింద చెబుతాం.

నేలసంపెంగకు నాలుగు గుర్తులు

ఒకటి: ఆకులు గడ్డిలా సన్నగా, పొడుగ్గా, మొదలు దగ్గర గుబురుగా ఉంటాయి. మొదట్లో కాస్త ఎర్ర జీర కనిపిస్తుంది.

రెండు: కాడ రెండు మూడడుగులు నిటారుగా లేస్తుంది. దాని మీద పూలు జంటలు జంటలుగా, కింది నుంచి పైకి వరసగా ఉంటాయి. కింది జత ముందు విచ్చుకుంటుంది, పై మొగ్గలు తర్వాత. కాడ చివర గుత్తిగా ఒక్కచోటే పూలుంటే అది నేలసంపెంగ కాదు. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే సగం పని అయినట్టే.

మూడు: పువ్వు మైనంతో చేసినట్టు మందంగా, తెల్లగా ఉంటుంది. మొదట్లో సన్నని గొట్టం కొద్దిగా వంగి, చివర రేకులు విచ్చుకుంటాయి.

నాలుగు: వాసన. పొద్దుగూకాక ఇంకా ఎక్కువవుతుంది.

సింగిలా, డబులా? రేకుల వరసలు లెక్కపెట్టండి

నేలసంపెంగ అని తేలింది. ఇక అసలు ప్రశ్న ఇప్పుడే ఉంది. దీంట్లో ముఖ్యంగా మూడు తరహాలున్నాయి. మీ ఆదాయం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

సింగిల్: విచ్చుకున్న పువ్వులో రేకులు ఒకే వరస. ఆరు రేకులు చక్కగా లెక్కకు వస్తాయి. వాసన ఎక్కువ. విడిపూలుగా కిలోల లెక్కన దండలకు, పూజకు అమ్ముడయ్యేది ఇదే. సుగంధ తైలం తీయడానికీ ఇదే వాడతారు. పువ్వు కోయకుండా వదిలేస్తే కాయ కట్టి గింజ పడుతుంది.

డబుల్: రేకులు మూడు వరసలకు మించి, చిన్న గులాబీలాగా ముద్దగా ఉంటాయి. మొగ్గ కొసన గులాబీ జీర కనిపిస్తుంది. వాసన సింగిల్ కంటే తక్కువ. గింజ పట్టడం అరుదు. దీన్ని కాడతో సహా కోసి, కట్టలు కట్టి అమ్ముతారు. కల్యాణ మండపాల అలంకరణకు, బొకేలకు, పూలకుండీల్లో పెట్టడానికి ఇది కావాలి. దండ గుచ్చేవాళ్లు దీన్ని అంతగా ఇష్టపడరు.

మధ్యరకం: రేకులు రెండు మూడు వరసలు. కాడ నిటారుగా, గట్టిగా ఉంటుంది. దీన్ని సెమీ డబుల్ అంటారు. ఇది కూడా ఎక్కువగా కాడలకే.

ఒక హెచ్చరిక. "మొగ్గ మీద గులాబీ రంగుంటే డబులు, లేకపోతే సింగిలు" అని కొందరు చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు. శృంగార్, ప్రజ్వల్ అనే మేలైన సింగిల్ రకాల మొగ్గల మీదా లేత గులాబీ జీర ఉంటుంది. రంగు చూసి మోసపోవద్దు. పువ్వు విప్పి వరసలు లెక్కపెట్టండి. లెక్కలో పొరపాటు రాదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. దుంప చూసి సింగిలో డబులో చెప్పడం చెయ్యి తిరిగిన రైతుకు కూడా కష్టమే. సంచీలో పోసిన దుంపలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అమ్మేవాడి నోటిమాట తప్ప వేరే ఆధారం ఉండదు. మోసం చేయాలనుకున్నవాడికే కాదు, తెలియక కలిపేసినవాడికి కూడా ఇక్కడే అవకాశం.

పేరున్న రకాలు

స్థానిక రకాలను ఊళ్ల పేర్లతో పిలుస్తారు. కలకత్తా సింగిల్, కలకత్తా డబుల్, హైదరాబాద్ సింగిల్, మెక్సికన్ సింగిల్, పెర్ల్ డబుల్ ఇలాంటివే. చివరి మాట సింగిలా, డబులా అని చూసుకోవాలి. ముందున్న ఊరి పేరు పట్టుకుని ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సంకరపరచి విడుదల చేసిన రకాలు మన రైతులకు బాగా ఉపయోగపడేవి.

శృంగార్: సింగిల్. సింగిల్‌నూ డబుల్‌నూ సంకరపరచి తీశారు. మొగ్గలు కాస్త పెద్దవి, లేత గులాబీ జీరతో ఉంటాయి. వేరుముడి నులిపురుగును తట్టుకుంటుంది. విడిపూలకు మంచిది.

ప్రజ్వల్: ఇదీ సింగిలే. శృంగార్‌నూ మెక్సికన్ సింగిల్‌నూ కలిపి తీశారు. విడిపూల దిగుబడి శృంగార్ కంటే 20 శాతం ఎక్కువని సంస్థ చెబుతోంది. విడిపూలకూ, కాడలకూ రెండింటికీ పనికొస్తుంది. చిన్న రైతుకు ఇది కలిసొచ్చే గుణం. ఒక మార్కెట్టు మందగిస్తే ఇంకో మార్కెట్టుకు పోవచ్చు.

సువాసిని: డబుల్. ఎన్నో వరసల రేకులు. కాడలకు వాడతారు. పేరు చూసి విడిపూలకని నాటేరు, జాగ్రత్త!

వైభవ్: మధ్యరకం. మొగ్గలు ఆకుపచ్చ ఛాయతో ఉంటాయి, విచ్చుకున్నాక తెల్లన. ఇదీ కాడలకే.

ఇవే రకాలను ఇప్పుడు ముందు 'అర్క' అని చేర్చి అర్క ప్రజ్వల్, అర్క శృంగార్, అర్క సువాసిని, అర్క వైభవ్ అని రాస్తున్నారు. ప్రజ్వల్ వేరు, అర్క ప్రజ్వల్ వేరు అని ఎవరైనా రెండు ధరలు చెబితే నమ్మకండి. రెండూ ఒకటే.

లక్నోలోని జాతీయ వృక్ష పరిశోధన సంస్థ గామా కిరణాల సాయంతో రెండు రకాలు రూపొందించింది. రజతరేఖ ఆకు మధ్యలో వెండిలాంటి తెల్లచార ఉంటుంది. పువ్వు సింగిల్. స్వర్ణరేఖ ఆకు అంచుల్లో పసుపుచార ఉంటుంది. పువ్వు డబుల్. పువ్వు రాకముందే, ఆకు చూడగానే గుర్తుపట్టగలిగేవి ఈ రెండే. తోటల అందానికి, కుండీలకు ఎక్కువగా పెంచుతారు.

లిల్లీ పేరుతో తిరిగే మిగతా మొక్కలు

నర్సరీకి పోయి లిల్లీ దుంప అంటే చాలా రకాలు చూపిస్తారు. వాటిని ఒక్కో గుర్తుతో తెలుసుకోవచ్చు.

అసలు లిల్లీ: లిలియం అంటారు. ఏషియాటిక్, ఓరియంటల్ అని రెండు ముఖ్య తరగతులు. పెద్ద పెద్ద పూలు, రంగురంగులు. దుంప వెల్లుల్లి రేకలు పేర్చినట్టు పొలుసులు పొలుసులుగా ఉంటుంది. మీద పొర ఉండదు, కాబట్టి త్వరగా ఎండిపోతుంది. చల్లదనం కావాలి. మన ఎండలకు ఆరుబయట నిలవదు. చాలావరకు హాలెండు నుంచి దుంపలు తెప్పించి, పాలీహౌసుల్లో పెంచుతారు. పెట్టుబడి ఎక్కువ. పది గుంటల రైతు పని కాదు.

స్పైడర్ లిల్లీ: వెడల్పాటి పట్టీల్లాంటి ఆకులు. దుంప పెద్ద ఉల్లిగడ్డంత. ఆకుల్లేని కాడ చివర పూలన్నీ గుత్తిగా ఒక్కచోటే వస్తాయి. తెల్లని గిన్నె చుట్టూ సాలెపురుగు కాళ్లలా ఆరు సన్నని రేకులు వేలాడుతాయి. ముంబై బజారులో లిల్లీ అని కట్టలు కట్టి అమ్మే మొగ్గలు దీనివే. దక్షిణ గుజరాత్ రైతులు నవసారి చుట్టుపక్కల దీన్ని పంటగా వేసి ముంబైకి పంపుతారు. మన దగ్గర ఎక్కువగా పార్కుల్లో, రోడ్ల మధ్య అందానికి కనబడుతుంది. ముంబై లిల్లీ ధర పేపర్లో చూసి నేలసంపెంగ లెక్క వేసుకోవద్దు.

రెయిన్ లిల్లీ: గడ్డిలాంటి ఆకులు, చిన్న దుంప. వాన పడిన రెండు మూడు రోజులకు ఒక్కో కాడకు ఒక్కో పువ్వు. గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో ఉంటుంది. ఇంటి ముందు బాగుంటుంది, అమ్మకానికి కాదు.

ఫుట్‌బాల్ లిల్లీ: ఏడాదికి ఒక్కసారి, తొలకరి ముందూ వెనకా, ఎర్రటి బంతిలా పూస్తుంది. మే పువ్వు అనీ అంటారు. ఇదీ అందానికే.

అమరిల్లిస్: లోపల బోలుగా ఉన్న లావుపాటి కాడ, చివర రెండు నుంచి నాలుగు పెద్ద బాకాల్లాంటి పూలు. ఎక్కువగా ఎరుపు. వేసవిలో పూస్తుంది.

గ్లోరీ లిల్లీ: మన అడవినాభి, పొత్తిదుంప ఇదే. ఆకు కొసలు నులితీగల్లా చుట్టుకుని కంచెల మీద పాకుతుంది. ఎరుపు, పసుపు కలిసిన మంటల్లాంటి పూలు. దుంప వేళ్లలా రెండు పాయలుగా ఉంటుంది. మందుల తయారీకి గింజల కోసం తమిళనాట పంటగా వేస్తారు. దుంప, గింజ అంతా విషం. చిలగడదుంప అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పిల్లలున్న ఇంట్లో ఈ దుంపలు పెట్టవద్దు.

స్పైడర్ లిల్లీ, అమరిల్లిస్, ఫుట్‌బాల్ లిల్లీ దుంపలూ తినదగినవి కావు. చూడటానికి ఉల్లిగడ్డలానే ఉంటాయి. తింటే వాంతులు, కడుపునొప్పి. నాటడానికి తెచ్చిన దుంపల సంచీని ఉల్లిగడ్డల పక్కన పెట్టకుండా, మీద పేరు రాసి వేరే గదిలో పెట్టుకోవాలి. పశువుల మేతలో కలవకుండా చూడాలి.

చలి దేశాల్లోనూ ఇదే తంటా

పేర్ల గజిబిజి మన ఒక్కరికే అనుకోకండి. ఐరోపా చలి దేశాల్లో డాఫోడిల్ అనే దుంప పువ్వు ఉంది. మధ్యలో గిన్నె, చుట్టూ ఆరు రేకులు. కాశ్మీరులో నర్గిస్ అని పిలిచే పువ్వు ఈ కుటుంబానిదే. దీనికే డాఫోడిల్, నార్సిసస్, జాంక్విల్ అని మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి. నార్సిసస్ మొత్తం జాతి పేరు, డాఫోడిల్ వాడుక పేరు. జాంక్విల్ మాత్రం అందులో ఒక తరగతి. కానీ జనం పసుపు పువ్వు కనబడితే చాలు, ఏదో ఒక పేరు పెట్టి పిలిచేస్తారు.

ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఈ గొడవ తీర్చడానికి వాటిని 13 తరగతులు చేసింది. ఎలా చేసింది? పువ్వును కొలిచి చేసింది. మధ్య గిన్నె పొడవు రేకంత గానీ, రేకును మించి గానీ ఉంటే బాకా తరగతి. రేకులో మూడో వంతు దాటి, రేకు కంటే తక్కువుంటే పెద్ద గిన్నె తరగతి. మూడో వంతు మించకపోతే చిన్న గిన్నె తరగతి. రేకులు ముద్దగా ఉంటే డబుల్. ఒక్కో కాడకు ఎన్ని పూలు అన్నదీ లెక్కలోకి వస్తుంది. అంటే వాళ్లు కూడా పేరును నమ్మలేదు, పువ్వును నమ్మారు.

అక్కడా దుంపల ప్రమాదం తప్పలేదు. డాఫోడిల్ దుంప ఉల్లిగడ్డలా, మొగ్గకాడ ఉల్లికాడలా ఉంటాయి, రెండూ విషమే. 2015లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ, వీటిని కూరగాయల పక్కన పెట్టి అమ్మవద్దని పెద్ద దుకాణాలను కోరింది. మన సంచీల మీద పేరు రాయమనడం ఇందుకే.

డాఫోడిల్‌కు చలి తప్పనిసరి. మన మైదానాల్లో అది పంటగా పండదు. ఎవరైనా డాఫోడిల్ దుంపలని అమ్మజూపితే చేతులు జోడించి పంపేయండి.

దుంప కొనేముందు: ముందు మార్కెట్టు, తర్వాత మొక్క

మొదట మీ పూలు ఎవరు కొంటారో తేల్చుకోండి. దగ్గర్లో గుడి, చిన్న పట్నం, దండలు కట్టే దుకాణాలుంటే సింగిల్ వేయండి. తెల్లవారుజామున కోసి, ఎండ ఎక్కకముందే చేర్చగలగాలి. మొగ్గ విచ్చుకోబోయే దశలో, ఉదయం 8 గంటల లోపు కోత పూర్తి కావాలి. హైదరాబాదులో గుడిమల్కాపూర్, గోదావరి జిల్లాల్లో కడియం లాంటి పెద్ద పూల మార్కెట్లకు రోజువారీ బండి దొరికితే, అలంకరణ పనివాళ్లతో మాట కుదిరితే డబుల్ గురించి ఆలోచించవచ్చు. డబుల్‌ను కింది ఒకటి రెండు జతల పూలు విచ్చుకోగానే కాడతో కోయాలి. కాడ వంగకుండా కట్టి పంపాలి. ఆ ఖర్చూ శ్రమా లెక్కలో వేసుకోండి.

మొదటి ఏడాది ఏది వేయాలో తోచకపోతే సింగిలే మేలు. దండలకు ఏడాది పొడుగునా అంతో ఇంతో అడుగు ఉంటుంది.

ఇక దుంప కొనడం. ఈ మెలకువలు పాటించండి.

1. పూత మీదున్న తోట చూడండి. దుంపలు తవ్వాక చూసి లాభం లేదు. తోట పూస్తుండగా పోయి, నాలుగు మూలల్లో, మధ్యలో పూలు విప్పి రేకుల వరసలు చూసుకోండి. నచ్చిన మడికి అక్కడే గుర్తు పెట్టుకుని, ఆ మడి దుంపలే కావాలని మాట తీసుకోండి. నేలసంపెంగ దుంప నుంచి వచ్చే పిలకలన్నీ తల్లి గుణంతోనే ఉంటాయి. ఏ పువ్వు చూశారో ఆ పువ్వే మీ పొలంలో పూస్తుంది.

2. రెండు మాటలు అడగండి. "లిల్లీయేనా?" అని కాదు. "సింగిలా, డబులా? రకం పేరేమిటి?" అని. ఈ రెండూ రసీదు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనవద్దు.

3. దుంప సైజు చూడండి. అడ్డంగా 2 నుంచి 3 సెంటీమీటర్లు, బరువు 25 నుంచి 30 గ్రాములు ఉంటే మంచిది. నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడినవి, బూజు పట్టినవి పక్కన పెట్టండి. చిన్న పిలకలు కూడా మొలుస్తాయి గానీ పూత ఆలస్యమవుతుంది.

4. వేర్లు చూడండి. దుంప అడుగున ఉన్న వేర్లకు బుడిపెలుంటే నులిపురుగు ఉన్నట్టే. ఆ దుంపలతో పాటు పురుగు మీ పొలంలోకి వస్తుంది. ఒకసారి వస్తే ఆ తర్వాత వేసే వంగ, టమాటా పంటలనూ వదలదు. అలాంటి తోట దుంపలు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. నులిపురుగు ఉన్న నేలలో ముందు బంతి వేసి, తర్వాత లిల్లీకి పోవడం మంచిది.

5. ఎప్పుడు తవ్వారో అడగండి. తవ్విన వెంటనే నాటకూడదు. నెల రోజులు నీడలో పలచగా పరచి, విశ్రాంతి ఇవ్వాలి. మధ్యమధ్య తిరగేయాలి. లేకపోతే కుళ్లుతాయి.

6. లెక్క చూసుకోండి. వరసల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే గుంటకు సుమారు 1,100 దుంపలు. పది గుంటలకు, అంటే 25 సెంట్లకు, 11 వేల పైచిలుకు. కిలోల్లో కొంటే ఎన్ని దుంపలు తూగుతాయో అక్కడే ఒక కిలో లెక్కపెట్టి చూడండి.

7. ఒక్కసారే అన్నీ కొనవద్దు. డబ్బు తక్కువైతే నమ్మకమైన చోట గుంటకు సరిపడా మంచి రకం దుంపలు తెచ్చి నాటండి. ఒక్కో దుంప చుట్టూ పిలకలు పుట్టి కుదురు కడుతుంది. రెండేళ్లలో మీ పొలానికి కావలసిన విత్తన దుంప మీ దగ్గరే తయారవుతుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు మీకు తెలుస్తాయి. ఎవరినీ నమ్మాల్సిన పని లేదు.

మొదటి పూతలో ఏరివేయండి

ఎంత జాగ్రత్తగా తెచ్చినా వేల దుంపల్లో కొన్ని వేరే తరహావి కలిసి వస్తాయి. నాటిన మూడు నాలుగు నెలలకు మొదటి పూత వస్తుంది. ఆ పదిహేను రోజులూ ఇంటిల్లిపాదీ పొలంలో తిరిగి కల్తీ ఏరాలి. సింగిల్ మడిలో డబుల్ పూసిన కుదురు కనబడగానే పక్కన పుల్ల గుచ్చండి. పూలు కోసుకున్నాక కుదురుతో సహా పెళ్లగించి, వేరే చోట నాటండి.

"పదో ఇరవయ్యో మొక్కలు, పోనీలే" అనుకోవద్దు. ఈ తోట రెండు మూడేళ్లు ఉంటుంది. ఏటా ఆ కుదుళ్లు పిలకలు వేస్తాయి. మూడో ఏడు దుంపలు తవ్వి కొత్త మడిలో నాటేటప్పుడు ఆ ఇరవై కాస్తా వందలవుతాయి. అప్పుడు మీ సంచీలో సింగిలూ డబులూ కలిసి వస్తాయి, వ్యాపారి మొత్తం సంచీకే ధర తగ్గిస్తాడు. రేపు మీ దగ్గర దుంపలు కొన్న రైతు కూడా ఇదే కష్టం పడతాడు.

పూత అయిపోయాక ఏ మొక్క ఏదో తెలియదు. కాబట్టి ఈ పని వాయిదా వేయవద్దు.

తాతల కాలం నుంచి మనకు ఒక అలవాటుంది. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, సుడులు చూస్తాం, నడిపించి చూస్తాం. పేరు చెప్పి అమ్మితే కొనం. పూల దుంపకూ అదే నియమం పెట్టుకోండి. నేలసంపెంగకు దాని పువ్వే పళ్లూ, సుళ్లూ. కాడ మీద జంట పూలున్నాయా, రేకుల వరసలు ఎన్ని, వేరుకు బుడిపెలున్నాయా అన్న మూడు ప్రశ్నలకు మీ కళ్లతో మీరే జవాబు చూసుకున్నాకనే రొక్కం తీయండి. సందేహముంటే ఒక పూలకాడ, రెండు దుంపలు వేర్లతో సహా తీసుకుని మీ మండల ఉద్యాన అధికారికి చూపించండి.

జూన్ నాటుకు దుంప కావాలంటే, పూత మీదున్న తోట కోసం ఇప్పటినుంచే నలుగురిని అడిగి పెట్టుకోండి. పువ్వు చూడటానికి ఖర్చేమీ లేదు, చూడకపోతేనే ఖర్చు!